నోరు ఒకటి, నాడి ఒకటి: వాటర్ పోలో పిల్లల శిక్షణను మలుచుకునే పద్ధతి

మే నెల, ఉదయం ఆరు గంటలు. థర్మామీటరు ముంచి చూస్తే మా కొలనులో నీరు 31 డిగ్రీలు ఉంది. నల్లబల్ల మీద సుద్దముక్కతో ఆ రోజు పని రాశాను: ఇరవై అయిదు మీటర్లు పూర్తి వేగంతో పదిసార్లు, మధ్యలో అర నిమిషం విశ్రాంతి, ఆ వెంటనే చేతులు పైకెత్తి అయిదు నిమిషాలు నిలువునా తేలడం. ఏడో ఈత ముగిసేసరికి నాలుగో నంబరు గట్టు పట్టుకుని వాంతి చేసుకున్నాడు. తొమ్మిదో నంబరు పదీ పూర్తి చేసి, గట్టు మీద గడ్డం ఆనించి "తర్వాత ఏమిటి సార్?" అన్నాడు. ఆరో నంబరు చెప్పినదంతా చేసి, మాటా పలుకూ లేకుండా ఇంటికి వెళ్లాడు. రాత్రికి అతనికి జ్వరం వచ్చిందని వాళ్ల అమ్మ ఫోను చేసింది. ముగ్గురికీ పదిహేనేళ్లు. బరువుల్లో తేడా మూడు కిలోలకు మించదు.

ఆ రోజు నేను తిట్టింది నాలుగో నంబరును. తిట్టవలసింది నల్లబల్లను.

పిల్లల పేర్లు రాయను, టోపీ నంబర్లతోనే చెబుతాను. కొలనులోనూ నేను అలాగే పిలుస్తాను, వాళ్లకు అలవాటే. మాది సూళ్లూరుపేట. ఈత నేర్చుకున్నది కాళంగి నదిలో. చదువు కోసం చెన్నై వచ్చి, కాలేజీ జట్టులోనూ, ఆ తర్వాత ఉద్యోగ జట్టులోనూ పదకొండేళ్లు ఎర్ర టోపీ పెట్టుకుని గోలు కాశాను. ఇప్పుడు దక్షిణ చెన్నైలో ఒక కొలనులో పన్నెండు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు నేర్పుతున్నాను. సగం మంది తెలుగిళ్ల పిల్లలే. నీటిలో అరవంలో అరిచి, గట్టెక్కాక తెలుగులో గొడవపడతారు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో మన దేశం వాటర్ పోలోలో స్వర్ణం గెలిచిందంటే నేను కథలు చెబుతున్నానని నవ్వుతారు.

ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఈదుతూ బంతిని ఎదుటి జట్టు గోలులోకి విసరాలి. ఒక్కో జట్టుకు నీటిలో ఏడుగురు, ఎనిమిది నిమిషాల భాగాలు నాలుగు. బంతి ఆగినప్పుడల్లా గడియారం ఆగుతుంది కనుక మ్యాచ్ గంట దాకా సాగుతుంది. కాలు నేలకు తగలకూడదు. దాదాపు సగం సేపు ఆటగాడు అడ్డంగా ఈదడు. నిలువుగా తేలుతూ, ఎదుటివాడితో పెనుగులాడుతూ ఉంటాడు. పది సెకన్ల పరుగు లాంటి ఈత, ఆ వెంటనే కుస్తీ, ఆ వెంటనే గురి చూసి విసరడం. వేగంగా ఈదడానికి, ఓర్పుగా పెనుగులాడటానికి, ప్రశాంతంగా గురి చూడటానికి మూడు రకాల మనుషులు కావాలి. ఒక్కడే ఆ మూడూ చేయాలి. అందుకే ఈ ఆటలో స్వభావాన్నీ శరీరాన్నీ విడదీసి శిక్షణ ఇవ్వడం కుదరదు.

రెండు గళ్ల పుస్తకం

ప్రతి ఆటగాడికీ ఒక నలభై పేజీల నోటు పుస్తకం కొనిపెట్టండి. ప్రతి పేజీలో నిలువుగా ఒక గీత గీయించి, ఎడమవైపు "నాడి" అనీ, కుడివైపు "నోరు" అనీ రాయించండి.

నాడి గడి ఇంట్లోనే నిండాలి. ఉదయం మెలకువ వచ్చాక, మంచం దిగకముందే, మణికట్టు మీద చూపుడు వేలు, మధ్య వేలు ఆనించి అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయాలి. బొటనవేలు వాడితే దాని కొట్టుకోవడమే తెలుస్తుంది, లెక్క తప్పుతుంది. తర్వాత లేచి నిలబడి, ఒక నిమిషం ఆగి మళ్లీ లెక్కపెట్టాలి. రోజుకు రెండు అంకెలు. రెండు వారాలు గడిస్తే ఆ పిల్లవాడి సొంత సగటు తెలుస్తుంది. అంతవరకు ఏ తీర్పూ చెప్పవద్దు.

మా ముగ్గురి మొదటి సగటు ఇలా వచ్చింది. తొమ్మిదో నంబరు: పడుకుని 54, నిలబడి 66. ఆరో నంబరు: 62, 76. నాలుగో నంబరు: 70, 92. నాలుగో నంబరుకు దమ్ము లేదని తేల్చేయబోయాను. అడిగితే తెలిసింది, రాత్రి ట్యూషన్ ముగించుకుని ఇంటికి వచ్చి పడుకునేసరికి పదకొండున్నర, లేచేది తెల్లవారుజామున నాలుగూ ముప్పావుకు. అయిదు గంటల నిద్రతో నా నల్లబల్ల ముందు నిలబడుతున్నాడన్నమాట. వారానికి మూడు రోజులు అతన్ని సాయంత్రం బృందంలోకి మార్చాను. నెలన్నరలో పడుకున్నప్పటి అంకె 61కి వచ్చింది. శిక్షణలో నేను మార్చింది గంట ఒక్కటే.

ఇక్కడ నేను పాటించే లెక్క చెబుతాను. ఉదయం నాడి సొంత సగటు కంటే ఏడెనిమిది ఎక్కువగా వరుసగా రెండు రోజులు ఉంటే, లేదా పడుకున్నప్పటికీ నిలబడ్డప్పటికీ తేడా మామూలు కంటే పది పెరిగితే, ఆ రోజు పని సగం చేస్తాను. ఒక్కరోజు పెరిగితే పట్టించుకోను. దోమలు కుట్టినా, మర్నాడు లెక్కల పరీక్ష ఉన్నా ఒక్కరోజు పెరుగుతుంది. ఇంకో మాట, పక్కవాడి అంకెతో పోల్చవద్దు. 54 గొప్ప, 70 తక్కువ అనుకునే పిల్లలు మూడో రోజు నుంచి అంకెలు కల్పించి రాస్తారు.

నోరు గడి కొలను దగ్గర నిండాలి. సాధన ముగిసిన అరగంటకు, బట్టలు మార్చుకుని టిఫిన్ డబ్బా తెరిచే వేళ, ఒక్కొక్కరినీ విడిగా అడగండి: "ఈ రోజు సున్నా నుంచి పది దాకా ఎంత కష్టంగా ఉంది?" ఆ అంకెను సాధన నిమిషాలతో గుణించండి. తొంభై నిమిషాలు, కష్టం ఆరు అయితే ఆ రోజు భారం 540. అమెరికా వ్యాయామ శాస్త్రవేత్త కార్ల్ ఫోస్టర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. పైసా ఖర్చు లేదు. అరగంట ఎందుకు ఆగాలంటే, గట్టెక్కిన వెంటనే అడిగితే చివరి ఈత మంటే మొత్తం సాధనకు బదులుగా మాట్లాడుతుంది. విడిగా ఎందుకంటే, అందరి ముందూ తొమ్మిదో నంబరు "మూడు" అంటే మిగతా పన్నెండు మందీ మూడుకీ నాలుగుకీ మధ్యే ఉంటారు.

రెండు గళ్లూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే అసలు పని మొదలవుతుంది. ఒకే పని చేయించిన రోజు తొమ్మిదో నంబరు నోరు 4 అంది, ఆరో నంబరు నోరూ 4 అంది, నాలుగో నంబరు నోరు 9 అంది. మర్నాటి నాడి తొమ్మిదో నంబరుకు మామూలుగానే ఉంది, నాలుగో నంబరుకు రెండు పెరిగింది, ఆరో నంబరుకు తొమ్మిది పెరిగింది. నోటితో మాట్లాడేది స్వభావం. నాడితో మాట్లాడేది శరీరం. రెండూ ఒకటే చెబితే ఆ పిల్లవాడికి నా అవసరం పెద్దగా లేదు. రెండూ వేరుగా చెప్పినప్పుడు ఎవరిని నమ్మాలో తెలియాలంటే స్వభావం చదవడం రావాలి.

చుక్కల పరీక్ష

స్వభావం చదవడానికి నేను వాడేది ఒక తెల్ల కాగితం, ఒక పెన్సిలు, ఒక స్టాప్‌వాచ్. రష్యా మనస్తత్వవేత్త ఇల్యిన్ రూపొందించిన పరీక్ష. కాగితం మీద ఆరు గళ్లు గీయండి, పైన మూడు, కింద మూడు. "మొదలు" అనగానే పిల్లవాడు మొదటి గడిలో వీలైనంత వేగంగా చుక్కలు పెట్టాలి. ప్రతి అయిదు సెకన్లకు మీరు "మారు" అంటే చేయి ఆపకుండా తర్వాతి గడిలోకి వెళ్లాలి. మొత్తం ముప్పై సెకన్లు. తర్వాత ఏ గడిలో ఎన్ని చుక్కలు ఉన్నాయో లెక్కపెట్టి వరుసగా రాయండి.

మొత్తం ఎన్ని అన్నది ముఖ్యం కాదు, గీత ఎటు వంగిందో చూడండి. మొదటి గడి కంటే రెండో, మూడో గళ్లలో చుక్కలు పెరిగి ఆ తర్వాత తగ్గితే, పని పెరిగేకొద్దీ వేడెక్కే నాడీ వ్యవస్థ. చివరిదాకా ఇంచుమించు ఒకే అంకె ఉంటే మధ్యస్థం. రెండో గడి నుంచే దిగుతూ పోతే, త్వరగా వెలిగి త్వరగా అలిసేది. ఒక్కసారి చూసి నమ్మవద్దు. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు, వేరే పిల్లలు చూడకుండా చేయించండి. పోటీ పెడితే అందరి గీతా పైకే వంగుతుంది.

దీనికి పుస్తకాల్లో బలమైన నాడీ వ్యవస్థ, బలహీనమైన నాడీ వ్యవస్థ అనే పేర్లు ఉన్నాయి. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కల మీద చేసిన పరిశీలనల నుంచి వచ్చిన మాటలు. బలం, సమతుల్యం, చురుకుగా మారగలగడం అనే మూడు గుణాలను కలిపి, ప్రాచీన గ్రీకు వైద్యులు చెప్పిన నాలుగు స్వభావాలకు ఆయన కొత్త వివరణ ఇచ్చాడు. ఆ మాటను నేను ఒకసారి ఒక తండ్రి దగ్గర వాడాను. మర్నాడే భార్యాభర్తలిద్దరూ వచ్చారు. "మాస్టారూ, మావాడి నరాలు బలహీనమా? న్యూరాలజిస్టుకు చూపించమంటారా?" అని అడిగారు. ఆ రోజు నుంచి ఆ పదం నా నోట రాలేదు. పావ్లోవ్ తర్వాతి తరంలో టెప్లోవ్ అనే ఆయన తేల్చిన విషయం తెలిసి ఉంటే ముందే జాగ్రత్తపడేవాడిని: ఆ బలహీనత అన్నది సున్నితత్వానికి రెండో వైపు. అలాంటివారు చిన్న శబ్దాన్ని, చిన్న కదలికను ఇతరుల కంటే ముందే పట్టుకుంటారు. నా చుక్కల గీత కూడా రెండో గడి నుంచే దిగుతుంది. మ్యాచ్ రోజు ఇడ్లీ ముక్క గొంతు దిగేది కాదు, చేతులు చల్లబడిపోయేవి. కానీ విసిరేవాడి భుజం ఎటు తిరుగుతోందో బంతి చేయి దాటకముందే నాకు కనిపించేది. గోలు కాసినన్నాళ్లూ నన్ను నిలబెట్టింది అదే.

కాగితం పరీక్ష కంటే నమ్మదగినది ఇంకొకటి ఉంది. తప్పు చేసి బయటికి పంపినప్పుడు ఆటగాడు తన గోలు పక్క మూలకు వెళ్లి, మళ్లీ అనుమతి వచ్చేదాకా ఆగాలి. ఆ కొన్ని సెకన్లు ఆట చూడకుండా ఆ మూలకే చూడండి. నీళ్లను అరచేత్తో కొట్టి, రిఫరీ వైపు గుడ్లురిమి, తొందరపడి ముందే లోపలికి దూకేవాడు ఒకడు. అక్కడ కూడా పక్కనున్నవాడితో మాట్లాడుతూ, తిరిగి రాగానే ఏమీ జరగనట్టు ఆడేవాడు ఇంకొకడు. గోడ పట్టుకుని ఊపిరి సరిచేసుకుంటూ, ముఖంలో ఏ భావమూ లేకుండా ఉండేవాడు మరొకడు. తల దించుకుని, తర్వాతి రెండు నిమిషాలు బంతి తన దగ్గరికి రాకూడదని కోరుకునేవాడు నాలుగోవాడు. నా పుస్తకంలో వీళ్లకు నేను పెట్టుకున్న పేర్లు చిటపట, గలగల, నిదానం, సున్నితం. మా నాయనమ్మ అయితే వాత పిత్త కఫాలు అని మూడింటితో సరిపెట్టేది. ఆమె లెక్కా పెద్దగా తప్పేమీ కాదు. పదిమంది మనవల్లో ఎవరికి పెరుగన్నం ముందు పెట్టాలో, ఎవరిని కాసేపు కదిలించకుండా వదిలేయాలో ఆమెకు తెలుసు.

పిల్లల్లో నూటికి నూరుపాళ్లు ఒకే రకం ఉండరు. సగం చిటపట, సగం గలగల ఉన్నవాళ్లే ఎక్కువ. పేరు పెన్సిలుతో రాసుకోండి, ఏడాదికోసారి తిరిగి చూడండి. పదమూడేళ్లప్పుడు సున్నితం అని రాసుకున్న పిల్ల పదహారేళ్లకు కెప్టెన్ అయింది.

ఎవరికి ఏమి మార్చాలి

చిటపట రకానికి పెద్ద ఈతలు ఇవ్వవద్దు. వాళ్లు వేడెక్కే ఈతలో కూడా గెలవాలని చూస్తారు, అసలు పని మొదలయ్యేసరికి ఇంధనం అయిపోతుంది. పూర్తి వేగం ఈత పది సెకన్లకు మించకుండా ఉంచి, మధ్యలో నిమిషం విశ్రాంతి ఇవ్వండి. అంత విరామం దొరికితే కండరంలోని తక్షణ శక్తి నిల్వ చాలావరకు తిరిగి నిండుతుంది. వీళ్లకు కష్టమైన పని ఆగడం. అందుకే వాళ్లకు ఇంకా చేయాలని ఉన్నప్పుడే సాధన ఆపేయండి. చివర్లో అయిదు నిమిషాలు వెల్లకిలా తేలుతూ, పీల్చిన దానికి రెట్టింపు సేపు ఊపిరి వదిలే పని పెట్టండి. మా పదకొండో నంబరు మొదటి వారం ఈ తేలే పనిని శిక్ష అనుకున్నాడు. ఇప్పుడు బయటికి పంపితే ఆ మూలలో తనంతట తానే చేస్తున్నాడు.

నిదానం రకానికి వేడెక్కడానికి పావుగంట చాలదు, ఇరవై అయిదు నిమిషాలు ఇవ్వండి. మొదటి ఎనిమిది నిమిషాల ఆట చూసి వాళ్లను బయట కూర్చోబెట్టిన శిక్షకులు ఎందరో. నేనూ ఆ పని చేశాను. మూడో భాగంలో ఎదుటి జట్టు కాళ్లు బరువెక్కినప్పుడు వీళ్లు అప్పుడే ఆట మొదలుపెట్టినట్టు ఉంటారు. కొత్త వ్యూహం చెప్పాలంటే ముందురోజు సాయంత్రమే చెప్పండి. మ్యాచ్ మధ్యలో మారిస్తే పాతదీ రాదు, కొత్తదీ రాదు. గోలుకు ఎదురుగా నిలబడి వీపు మీద ఒకడిని మోసే సెంటర్ ఫార్వర్డ్ స్థానానికి మా దగ్గర ఎక్కువగా వీళ్లే కుదురుకున్నారు. ఎవరు గిల్లినా తిరగబడరు కనుక తప్పు ఎదుటివాడి మీదికే వెళుతుంది.

గలగల రకం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పది నిమిషాలకోసారి పని మార్చండి, లెక్కపెట్టే బాధ్యత వాళ్లకే అప్పగించండి, చాలు.

సున్నితం రకం విషయంలో చేయి కంటే గొంతు ముఖ్యం. తప్పును కొలను ఈ చివర నుంచి ఆ చివరికి అరిచి చెప్పవద్దు. గట్టు దగ్గరికి పిలిచి, వంగి, చెవిలో చెప్పండి. ఒకేసారి ఒక్క తప్పు. మ్యాచ్ గోలను కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. మొదట అయిదుగురు గట్టు మీద కూర్చుని కేకలు వేస్తారు, రెండు వారాల తర్వాత పదిమంది, ఆపైన డబ్బాలు కూడా. 1995 దక్షిణాసియా క్రీడల కోసం కట్టిన వేళచ్చేరి ఈత కొలనుల కాంప్లెక్స్ లాంటి పెద్ద చోటికి మొదటిసారి పోటీకి తీసుకువెళుతుంటే, ముందురోజే వెళ్లి ఆ నీటిలో అరగంట ఈదించండి. అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. మ్యాచ్ ముందు భయపడుతున్న పిల్లను చూసి "కంగారు పడకు" అని ఊదరగొట్టడం నా తొలి రోజుల అలవాటు. యూరీ హానిన్ అనే మనస్తత్వవేత్త ఒక్కో ఆటగాడికి తనకు సరిపడే ఆందోళన స్థాయి వేరుగా ఉంటుందని చూపించాడు. కొందరు గుండె దడదడలాడుతున్నప్పుడే బాగా ఆడతారు. మా ఒకటో నంబరు, ఎర్ర టోపీ అమ్మాయి, కడుపులో తిప్పిన రోజే బంతులు ఆపుతుంది. ఆ సంగతి ఆమె పుస్తకంలోని పాత మ్యాచ్‌ల పేజీలు తిప్పి ఇద్దరం కలిసే కనిపెట్టాం. ఇప్పుడు కడుపులో తిప్పకపోతే కంగారు పడుతోంది.

శరీరం లెక్కలు

స్వభావం ఎలా ఉన్నా, శరీరం కూడా తన సొంత వేగంతోనే మారుతుంది. వ్యాయామ శాస్త్రవేత్త క్లోడ్ బుషార్డ్ బృందం అమెరికా, కెనడాల్లో హెరిటేజ్ అనే అధ్యయనం చేసింది. కుటుంబాలకు కుటుంబాలనే తీసుకుని, అందరికీ ఇరవై వారాలు ఒకే పద్ధతిలో వ్యాయామం చేయించారు. శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ సగటున నిమిషానికి 400 మిల్లీలీటర్ల దాకా పెరిగింది. సగటు సంగతి అలా ఉంచితే, కొందరిలో అసలు కదలికే లేదు, కొందరిలో లీటరు దాకా పెరిగింది. అన్నదమ్ములూ తల్లిదండ్రులూ ఒకేలా స్పందించే ధోరణి కూడా కనిపించింది. కాబట్టి మూడు నెలలు గడిచినా దమ్ము పెరగని పిల్లవాడిని బద్ధకస్తుడు అనే ముందు పని రకం మార్చి చూడండి. పొడవు ఈతలతో కదలనివాడు చిన్న చిన్న వేగపు ఈతలతో కదలవచ్చు.

ఈత మధ్యలో నాడి చూడాలంటే గట్టు ముట్టిన వెంటనే మెడ పక్కన పది సెకన్లు లెక్కపెట్టి ఆరుతో గుణించాలి. ఒక నిమిషం ఆగి మళ్లీ చూడాలి. ఆ నిమిషంలో ఎంత దిగిందో అదే రాసుకోండి. గుండె గరిష్ఠ వేగానికి అందరికీ తెలిసిన "220లోంచి వయసు తీసేయాలి" అన్న లెక్క నేల మీదే పది పన్నెండు అటూ ఇటూ అవుతుంది, నీటిలో మరీ పనికిరాదు. మెడ దాకా నీటిలో ఉన్నప్పుడు నీటి ఒత్తిడికి కాళ్లలోని, పొట్టలోని రక్తం దాదాపు 700 మిల్లీలీటర్లు ఛాతీవైపు చేరుతుంది. గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోస్తుంది కనుక అదే కష్టానికి పది దెబ్బలు తక్కువే కొడుతుంది. పరుగు లెక్క పట్టుకుని నీటిలో 190 కోసం తరిమితే పిల్లవాడి ప్రాణం తీస్తాం.

చెన్నైలో ఇంకో చిక్కు వేడి. అంతర్జాతీయ పోటీలకు నీరు 26 డిగ్రీలు ఉండాలి, ఒక డిగ్రీ అటూ ఇటూ. మా ఏప్రిల్, మే నీళ్లు అంతకంటే చాలా వేడి. నీటిలో చెమట కనిపించదు, కానీ పడుతుంది. సాధనకు ముందు, తర్వాత తుడుచుకుని బరువు చూడండి. ఒక కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్టే. మే నెలలో తొంభై నిమిషాలకు మా రెండో నంబరు కిలోకు పైగా తగ్గాడు, పక్కనే పదో నంబరు మూడు వందల గ్రాములే. ఇద్దరికీ ఒకే సీసా నీళ్లు ఇస్తే లాభమేముంది? రెండో నంబరుకు ఇరవై నిమిషాలకోసారి ఉప్పు వేసిన పలుచని మజ్జిగ. ఒంట్లో కొవ్వు ఉన్న పిల్లలు సులభంగా తేలుతారు కానీ ఈ వేడిలో త్వరగా అలిసిపోతారు. బక్కపలుచని పిల్లలకు మే నెల బాగుంటుంది, నవంబరు తుపాను వానల్లో పెదవులు నీలంగా మారతాయి. అప్పుడు వాళ్లను గట్టు మీద నిలబెట్టి ఉపన్యాసం ఇవ్వకండి. చెప్పేదేదో నీటిలోకి దిగకముందే చెప్పండి.

కాళ్ల పని సంగతికొస్తే, రెండు కాళ్లనూ ఎదురెదురు దిశల్లో తిప్పుతూ తేలే పద్ధతిని ఎగ్‌బీటర్ అంటాం. మా అమ్మ చూసి ఉంటే కవ్వం అనేది. తుంటి కీలు లోపలివైపు బాగా తిరగని పిల్లవాడు ఆ లోటును మోకాలితో పూడ్చుకుంటాడు. మోకాలి లోపలి పక్క నొప్పి అక్కడే మొదలవుతుంది. బల్ల మీద కూర్చోబెట్టి, తొడ కదలకుండా పాదాన్ని బయటికి ఎంత ఎత్తగలడో చూడండి. తక్కువగా ఎత్తేవాడికి ముందు తుంటి సాగదీసే పని, ఆ తర్వాతే బరువులతో కవ్వం. భుజం కూడా ఇంతే. విసురుడుతో భుజాన్ని లోపలికి తిప్పే కండరాలు బలుస్తాయి, బయటికి తిప్పేవి వెనకబడతాయి. రబ్బరు ట్యూబుతో రోజూ బయటికి తిప్పే పని పెట్టండి, విసుర్లు లెక్కపెట్టండి. చిటపట పిల్లలు లెక్క దాచి మరో ఇరవై విసురుతారు. బంతులు మీరే సంచిలో వేసి తాళం వేయండి.

బట్టలు మార్చుకునే గది తలుపు చట్రం మీద మా పిల్లల ఎత్తులు నెలనెలా పెన్సిలుతో గీస్తాను. ఒక్కసారిగా సాగే నెలల్లో చేతులూ కాళ్లూ ఎక్కడున్నాయో వాళ్లకే తెలియదు. గురి తప్పుతుంది, నీటిపైకి లేచే ఎత్తు తగ్గుతుంది. అది ఆట మరిచిపోవడం కాదని వాళ్లకు చెప్పండి, ముఖ్యంగా సున్నితం రకానికి. ఆ నెలల్లో ఎగరడం, గట్టిగా విసరడం తగ్గించి బంతి అందించుకోవడం పెంచుతాను.

ఆడపిల్లల దమ్ము ఉన్నట్టుండి పడిపోతే మనసు గురించి ఊహలు కట్టే ముందు రక్తపరీక్ష చేయించండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉన్న పిల్లను ఎంత ఈదించినా ఆక్సిజన్ మోసే బండి చిన్నదే. మా ఏడో నంబరు అమ్మాయికి 10.4 వచ్చింది. అంతకుముందు నెల రోజులు ఆమెకు పట్టుదల లేదని అందరికీ చెప్పుకు తిరిగాను. డాక్టరు మాత్రలు రాశారు. మేము చేసింది టిఫిన్‌తో పాటు తాగే కాఫీని గంట తర్వాతకు జరపడం. భోజనంతో కలిసిన కాఫీ, టీ ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. నెలసరి రోజులు కూడా పుస్తకంలో గుర్తు పెట్టమంటాను. నాకు చూపించడం ఇష్టం లేకపోతే అమ్మకు చూపిస్తే చాలు.

2019 వేసవి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నగరంలో తాగడానికే నీళ్లు లేని రోజులు, మా కొలను ఎండిపోయింది. వారాల తరబడి బీచిలో పరుగులు, రబ్బరు ట్యూబులు, గోడకేసి బంతులు. సాధన ఆగితే రెండు మూడు వారాల్లోనే రక్తంలోని ద్రవభాగం తగ్గి, అదే పనికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. నీళ్లు తిరిగి వచ్చిన రోజు చిటపట పిల్లలు పాత వేగం కోసం ఎగబడ్డారు, మూడో రోజుకు ఇద్దరికి భుజం నొప్పి. నిదానం పిల్లలు నెల తీసుకున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. సెలవుల తర్వాత మొదటి వారం అందరికీ ఒకే పని రాయవద్దని నేర్చుకున్నది అప్పుడే.

ఆరో నంబరు

ఇంత రాసి ఆరో నంబరు సంగతి దాటేస్తే తప్పవుతుంది. రెండు గళ్ల పుస్తకం పుట్టింది అతని వల్లే. ఏది చెప్పినా "పరవాలేదు సార్" అనే పిల్లవాడు. నాకు అలాంటివాళ్లు ఇష్టం. ఏ శిక్షకుడికి కాదు? ఇష్టం కొద్దీ ఇంకా ఇచ్చాను. మే జ్వరం తర్వాత జూన్‌లో దగ్గు, జూలైలో మళ్లీ జ్వరం. ఆకలి తగ్గింది, నిద్ర తగ్గింది, వేగం తగ్గింది. వేగం తగ్గిందని నేను పని పెంచాను. ఆగస్టులో వాళ్ల నాన్న వచ్చి "కొన్నాళ్లు మానిపిస్తాం మాస్టారూ" అని మర్యాదగానే చెప్పారు. ఆ మర్యాద నాకు ఇంకా గుచ్చుకుంటుంది.

నాలుగో నంబరు వాంతి చేసుకుని తన శరీరాన్ని కాపాడుకున్నాడు. ఆరో నంబరుకు ఆ దారి లేదు, స్వభావం ఒప్పుకోదు. ఒత్తిడి మీద పరిశోధన చేసిన హాన్స్ సెలై 1936లోనే రాశాడు, భారం పడ్డప్పుడు శరీరం మొదట ఉలిక్కిపడుతుంది, తర్వాత తట్టుకుంటుంది, భారం దిగకపోతే చివరికి చేతులెత్తేస్తుంది. ఆ రెండో దశలో ఉన్న పిల్లవాడు బయటికి బాగానే కనిపిస్తాడు. నిదానం రకంలో ఆ దశ పొడవుగా సాగుతుంది, నోరు మాత్రం 4 దగ్గరే ఉంటుంది. అందుకని నా పద్ధతి ఇది: నిదానం పిల్లలకు నోటి అంకెకు రెండు కలిపి గుణిస్తాను, నాడి పెరిగితే ఏమీ అడగకుండా ఇంటికి పంపుతాను. సున్నితం పిల్లల నోరు 9 అన్నా నాడి మామూలుగా ఉంటే పని తగ్గించను, పక్కన నిలబడతాను. చిటపట పిల్లల నోరు కోపాన్ని బట్టి మారుతుంది కనుక ఒక్కరోజు అంకె చూడను, వారం సగటు చూస్తాను. గలగల పిల్లలు నిజమే చెబుతారు, కాకపోతే మరిచిపోయి చెబుతారు.

ఆరో నంబరు నాలుగు నెలల తర్వాత తిరిగి వచ్చాడు. మొదటి నెల వారానికి మూడే రోజులు, ఏ రోజూ భారం 250 దాటనివ్వలేదు. రోజూ అతని పుస్తకం నేనే ముందు చూసేవాడిని. పదహారో రోజు నోరు గడిలో మొదటిసారి 7 రాశాడు. పక్కన చిన్న అక్షరాలతో "కాళ్లు నొప్పి" అని కూడా ఉంది. ఆ పేజీ చూసి నేను పడిన సంతోషం ఏ కప్పు గెలిచినప్పుడూ పడలేదు. ఆ రోజు అతన్ని సగంలోనే పంపేశాను. వెళ్లకుండా గట్టు మీద కూర్చుని మిగతావాళ్ల విసుర్లు లెక్కపెట్టాడు.

పుస్తకాల గురించి చివరిగా ఒక చిన్న విషయం. అట్టకు పాలిథిన్ కవరు వేయించండి. పెన్ను వాడనివ్వకండి, తడి చేతులతో ముట్టుకుంటే సిరా అంతా అలుక్కుపోతుంది. మా మొదటి ఏడాది పుస్తకాల్లో సగం పేజీలు ఇప్పుడు నీలి మరకలే. పెన్సిలు అయితే తడిసినా నిలుస్తుంది. చెక్కుకునే మరను మాత్రం దారంతో నల్లబల్లకు కట్టేయండి, లేకపోతే వారానికొకటి కొనాల్సి వస్తుంది.